వ్యాధి, వలపు, ఎఱుక: ‘గీతాంజలి’ చిత్రము, జాన్ గ్రీన్ నవల - ఒక పరిశీలనము

వలపును వ్యాధిగ వర్ణించుట తెలుగు కవులకు క్రొత్త గాదు. ప్రాచీనాలంకారికులు పేర్కొనిన దశావస్థలలో ఎనిమిదవది వ్యాధి, పదియవది మరణము. అభిలాషతో మొదలైన ప్రేమ చింత, స్మృతి, గుణకథనము, ఉద్వేగము మున్నగు మెట్లు దిగుచు తుదకు శరీరమును కృశింపజేయును. మనుచరిత్రమున వరూధినియు, వసుచరిత్రమున గిరికయు ఈ త్రోవ నడచినవారే. చెలికత్తెలు చందనము పూయుదురు. చిగురుటాకుల పాన్పు పఱతురు. చంద్రుని, మలయమారుతమును నిందింతురు. ఇది జ్వరమే యైనను దీనికి మందు ఒక్కటే, ప్రియసమాగమము. అది లభించిన మఱుక్షణమున రోగము మాయమగును. కావున ఆ కావ్యములలో నాయిక రోగి వలె కనిపించును గాని రోగి కాదు. వ్యాధి అచట వలపునకు తొడిగిన ఆభరణము.

ఈ వరుస తలక్రిందులైన కథలు ఆధునిక కాలమున కొన్ని వెలువడినవి. వానిలో వ్యాధి వలపువలన కలిగినది కాదు. వలపు రాకమునుపే అది శరీరమున తిష్ఠ వేసికొని యుండును. ప్రియసమాగమము దానిని మాన్పజాలదు. అట్టి కథలు రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. మొదటిది 1989 మే నెలలో విడుదలైన ‘గీతాంజలి’ అను తెలుగు చలనచిత్రము. రెండవది అమెరికా రచయిత జాన్ గ్రీన్ 2012 జనవరిలో ప్రకటించిన ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ అను ఆంగ్ల నవల. చలనచిత్రము, నవల భిన్న ప్రక్రియలు. కనుక ఇచ్చట తులన మంతయు కథానిర్మాణమునకు, పాత్రపోషణమునకు పరిమితము. చెన్నైలోని తెలుగు కుటుంబములలో పెద్దలకు మొదటి కథయు, ఆంగ్లమున చదువుకొను వారి పిల్లలకు రెండవ కథయు సన్నిహితమై యుండుట సహజము. ఒకే ఇంట రెండు తరములు ఒకే విషయమును రెండు విధముల నేర్చుకొనుచున్న వనుట అతిశయోక్తి కాదు.

ఇట్టి కథలను విమర్శకులు సాధారణముగ కన్నీటి పరిమాణమును బట్టి తూచుచుందురు. ఎంత ఏడ్పించిన అంత గొప్ప యని కొందఱు, అంత చౌకబా రని కొందఱు. ఈ రెండు తూనికలును సరియైనవి కావు. వీనిని పరీక్షించుటకు వేఱొక ప్రశ్న మేలు. రాబోవు మరణము ఎవరికి తెలియును? ఎవరికి తెలియదు? తెలిసినవారు తెలియనివారితో ఎట్లు వర్తింతురు? ఈ ‘ఎఱుక’ను అనుసరించి పోయినచో, రోగిని మనుష్యునిగ చూచిన కథ యేదో, ఇతరుల దుఃఖమునకు పనిముట్టుగ వాడుకొనిన కథ యేదో తేటపడును.

భారతమున ఈ ప్రశ్నకు బీజములు కలవు. ఆదిపర్వమున నన్నయ తెనిగించిన రురుని కథలో వివాహమునకు ముందే ప్రమద్వర పాము కాటునకు బలియగును. రురుడు తన ఆయుస్సులో సగము ధారపోసి ఆమెను బ్రతికించుకొనును. ఇచ్చట మృత్యువు హఠాత్తుగ వచ్చినది. ముందుగ ఎవరికిని ఎఱుక లేదు. ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వశేషమునందలి సావిత్రీచరిత్రము దీనికి భిన్నము. సత్యవంతుడు ఏడాదిలో మరణించునని నారదుడు పెండ్లికి ముందే చెప్పెను. తండ్రి వేఱొక వరుని ఎంచుకొమ్మనెను. సావిత్రి మనసు మార్చుకొనలేదు. అయితే ఆ ఎఱుక ఆమెయందే నిలిచినది. చనిపోవలసినవాడు సత్యవంతుడు, దినములు లెక్కించినది సావిత్రి. తల నొప్పిగ నున్నదని ఆమె ఒడిలో తల యుంచి పండుకొనిన నాటికి గూడ అతనికి తన సంగతి తెలియదు.

సావిత్రి మౌనమును ఎవరును తప్పు పట్టలేరు. ఆమె యముని జయించినది. కాని యముని జయింపజాలని ఇండ్లలో గూడ ఆ మౌనము మాత్రము ఆచారముగ నిలిచినది. రాచపుండనియు, పెద్ద జబ్బనియు చాటుగ చెప్పుకొనుటయే గాని రోగి యెదుట రోగము పేరెత్తకుండుట తెలుగు కుటుంబములలో మర్యాదగ చెల్లుచు వచ్చినది. వైద్యుడు తండ్రితోనో అన్నతోనో మాటాడును. రోగితో ‘ఏమియు లేదు, తగ్గిపోవును’ అందురు. ప్రేమవలననే ఈ దాపఱికము. అయినను దాని ఫలితముగ రోగి తన జీవితములోని ముఖ్యమైన వార్తకు తానే పరాయివా డగుచున్నాడు. ఈ సాంఘిక నేపథ్యమును మఱచినచో పరిశీలించుచున్న రెండు కృతుల సాహసము బోధపడదు.

వ్యాధిని శృంగారించు కథలకు పాశ్చాత్యదేశములలో క్షయ పుట్టినిల్లు. 1848లో చిన్న డ్యూమా వ్రాసిన ‘కమేలియా పూల రమణి’ కథలో నాయిక దగ్గుచునే సుందరి. 1924లో టామస్ మాన్ వ్రాసిన ‘మాంత్రిక పర్వతము’ నవలలో కొండమీది ఆరోగ్యశాల ఒక ప్రత్యేక లోకము. చల్లని కొండ, మంచు, శాలువ, మందహాసము - ఇవి క్షయరోగికి అలంకారము లైనవి. దక్షిణదేశమున గూడ 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరము వెలసి ఎందఱికో ఆశ్రయ మైనది. ఈ భావమునకు వైద్యపరమైన పునాదిని కదల్చిన పరిశోధన మద్రాసులోనే జరిగినది. 1956లో ఇచ్చట నెలకొల్పబడిన క్షయ రసాయనచికిత్సా కేంద్రము నగరములోని బీదరోగులు 193 మందిని రెండు తెగలుగ చేసి, కొందఱికి ఇంటివద్దను కొందఱికి ఆరోగ్యశాలలోను ఏడాదిపాటు మందు లిచ్చెను. ఇఱుకైన ఇండ్లలో చాలీచాలని తిండితో నున్నవారికి గూడ ఆరోగ్యశాలలోని వారితో ఇంచుమించు సమానముగ నయమైన దని 1959లో ప్రకటించెను. రోగి తనవారిని విడిచి కొండ కెక్కవలసిన పని తగ్గినది. కాని కథలు కొండ దిగలేదు.

తెలుగు తెరపై ఈ పరిణామము చూడదగినది. 1953లో మద్రాసులో నిర్మింపబడిన ‘దేవదాసు’ ఇంకను పాత త్రోవలోనిదే. దేవదాసు రోగము విరహమునుండి పుట్టినది. మద్యము దానికి సాధనము మాత్రమే. దశావస్థల చివరి మెట్లు ఆధునిక వేషమున అచట కనిపించును. 1981లో దాసరి నారాయణరావు దర్శకత్వమున వచ్చిన ‘ప్రేమాభిషేకము’లో వ్యాధి స్వతంత్రమైనది. నాయకునకు క్యాన్సరు సోకినది, అతనికి తెలియును, నాయికకు తెలియదు. ఆమె తనను ద్వేషించి వేఱొకని పెండ్లాడవలెనని అతడు దుర్వ్యసనపరుని వలె నటించును. ప్రేక్షకులు ఈ త్యాగమునకు నీరాజనము పట్టిరి. ఎఱుక దృష్టితో చూచినచో ఇది సావిత్రీచరిత్రమునకు అద్దపుబింబము. అచట ప్రియురాలికి తెలియును, రోగికి తెలియదు. ఇచట రోగికి తెలియును, ప్రియురాలికి తెలియదు. రెండుచోట్లను ఒకరు మఱియొకరి తరపున నిర్ణయము చేసిరి. నాయకుని త్యాగము గొప్పదే కావచ్చును. కాని ఆమె కేది మేలో ఆమెను అడుగలేదు. అబద్ధముతో దానము చేసిన జీవితమును ఆమె మోయవలసి వచ్చినది.

‘గీతాంజలి’ ప్రత్యేకత ఈ స్థానమున తెలియును. శ్రీ మణిరత్నము నేరుగ తెలుగున తీసిన చిత్రము ఇది. శ్రీ పి.సి. శ్రీరామ్ ఛాయాగ్రహణము, శ్రీ ఇళయరాజా సంగీతము, శ్రీ వేటూరి సుందరరామమూర్తి గీతములు, శ్రీ తోట తరణి కళ - మద్రాసు చిత్రసీమ నానాభాషల నిపుణులను ఒక తెలుగు కథకై కూర్చిన తీరునకు ఇది మంచి ఉదాహరణము. 37వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో ప్రజాదరణ పొందిన ఉత్తమ వినోదచిత్రముగ ఇది ఎంపిక యైనది. మరణమునకు దగ్గఱగ నున్న ఇద్దఱి కథకు ‘వినోద’ పురస్కారము వచ్చుట మొదట వింతగ తోచును. కాని చిత్రమును చూచినవారికి అందు వింత లేదు.

కథ సరళమైనది. చదువు ముగించుకొని ఉల్లాసముగ నున్న ప్రకాశ్ అను యువకునికి క్యాన్సరున్నదని ఒక ప్రమాదానంతరము బయటపడును. ఇంటివారి జాలిచూపులను భరింపలేక అతడు ఊటీకి పోవును. అచట గీతాంజలి అను అల్లరిపిల్ల పరిచయ మగును. దయ్యపు వేషములు వేసి పరుల నేడిపించుట ఆమెకు ఆట. ఆమెకు హృద్రోగమున్న దనియు, ఎక్కువ కాలము బ్రతుకదనియు, ఆ సంగతి ఆమెకు తెలిసియే అట్లు నవ్వుచున్న దనియు ప్రకాశ్ గ్రహించును. తనకు లేని ధైర్యము ఆమెకు ఎట్లు వచ్చినదని ఆశ్చర్యపడును. ఆమె దృష్టిలో మరణము తన కొక్కదానికే వచ్చునది కాదు. చెట్టుకు, పుట్టకు, ఎదుటివానికి అందఱికిని వచ్చునదే. తన వంతు కొంచెము ముందు, అంతే.

ఈ ఇతివృత్తమున ఎఱుక నాలుగు దశలలో నడచును. మొదట ఎవరి మరణము వారికి మాత్రమే తెలియును. పిదప అతనికి ఆమె సంగతి తెలియును. తరువాత, అతని నోట గాక అన్యులవలన, ఆమెకు అతని సంగతి తెలియును. తుదకు ఇద్దఱికి అన్నియు తెలియును. మూడవ దశయే చిత్రమునకు ప్రాణము. తన మరణమును నవ్వుచు చూచిన పిల్ల అతని మరణపు వార్త విని కూలిపోవును, అతనిని వెడలిపొమ్మనును. వేదాంతము తన విషయమున చెల్లినది గాని ప్రియుని విషయమున చెల్లలేదు. ఇది మనుష్యస్వభావమునకు సత్యమైన పరిశీలనము. తన చావునకు భయపడకుండుట ధైర్యమే. ప్రేమించినవాని చావునకు గూడ భయపడకుండుట శిలాత్వ మగును. ఈ భేదమును ఇంత స్పష్టముగ చూపిన తెలుగు చిత్రములు అరుదు. ముగింపున ఇద్దఱిలో ఎవరి మరణమును చూపక, వారిని ఒకచోట చేర్చి కథకుడు విరమించును. అలంకారికులు శృంగారమున మరణమును సాక్షాత్తుగ వర్ణింపరాదని చెప్పిన నియమమునకు ఇది అనుకోకుండ అనుగుణమైనది.

అయితే ఈ చిత్రమున ఒక పెద్ద కొఱత కలదు. ఇందు వ్యాధికి పేరున్నది గాని శరీరము లేదు. ఛాయాగ్రాహకుని మంచు కనులకు విందు. కాని ఆ మంచు వ్యాధిని గూడ కప్పివేసినది. ప్రకాశ్ క్యాన్సరునకు చికిత్స యేమి? నొప్పి యెట్లుండును? అతడు కొండ కెక్కినది వైద్యమునకు గాదు, జాలినుండి పాఱిపోవుటకు. ఈ పాఱిపోవుట మానసికముగ సత్యమే. కాని చిత్రము దానిని ప్రశ్నింపదు. ఇచ్చట చెన్నై చరిత్రను స్మరింపవలెను. డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుదలతో 1954లో అడయారున పండ్రెండు పడకలతో క్యాన్సరు ఆసుపత్రి వెలసినది. 1960లో అచట పిల్లల క్యాన్సరుకు ప్రత్యేక విభాగ మేర్పడినది. డాక్టరు వి. శాంత తన సుదీర్ఘ సేవాజీవితమున వ్యాధిపై గల భయమును పోగొట్టుటను గూడ చికిత్సలో భాగముగనే యెంచెను. చిత్రము పుట్టిన నగరమున బిడ్డలకు క్యాన్సరు చికిత్స మొదలై అప్పటికి ఇరువదితొమ్మిదేండ్లు. అయినను చిత్రమున క్యాన్సరు అనగా తీర్పు మాత్రమే, అప్పీలు లేదు.

జాన్ గ్రీన్ నవల ఈ కొఱత నుండియే మొదలగును. కథ చెప్పునది పదునాఱేండ్ల హేజెల్. థైరాయిడ్ గ్రంథి క్యాన్సరు ఊపిరితిత్తులకు పాకిన బాలిక. ముక్కునకు గొట్టము, వెంట ప్రాణవాయువు సిలిండరు. మెట్లెక్కిన ఆయాసము, రాత్రి యంత్రసహాయమున శ్వాస, ఊపిరితిత్తులనుండి నీరు తీయుట - ఇవి కథలో అలంకారములుగ గాక దినచర్యగ వచ్చును. తోటి రోగుల సహాయక సమావేశమున ఆమెకు పదునేడేండ్ల ఆగస్టస్ పరిచయ మగును. అతడు ఎముక క్యాన్సరువలన ఒక కాలు పోగొట్టుకొనినవాడు. కనుల క్యాన్సరుతో చూపు కోల్పోవు ఐజాక్ వారికి మిత్రుడు. గ్రీన్ ఈ నవలను, పదునాఱేండ్ల వయసున 2010లో థైరాయిడ్ క్యాన్సరుతో మరణించిన ఎస్తేర్ ఎర్ల్ అను బాలికకు అంకిత మిచ్చెను. హేజెల్ ఆమె ప్రతిబింబము గాదని గూడ రచయిత స్పష్టపఱచెను.

నవలలో రోగియే కథకురా లగుట మిక్కిలి ముఖ్యము. ‘ప్రేమాభిషేకము’లోను, ‘గీతాంజలి’లోను ప్రేక్షకుడు రోగిని చూచును, ఈ నవలలో రోగి పాఠకుని చూచును. తన్ను చూచి జనులు ఎట్లు తలలు వంచుకొందురో, ఎట్టి మాట లాడుదురో, ఎట్లు ‘వీరనారి’ బిరుదు లిచ్చెదరో ఆమె గమనించి నవ్వును. రోగ మనుభవించినవా రందఱు పుణ్యాత్ము లగుదురను భ్రమను నవల చెరిపివేయును. ఆగస్టస్ పూర్వపు ప్రియురాలు మెదడులో గడ్డతో స్వభావము మారి పరుషముగ ప్రవర్తించినది. ఐజాక్ చూపు పోవుటకు ముందే అతని ప్రియురాలు అతనిని విడిచినది. వ్యాధి ప్రేమను పరీక్షించును. ప్రతి ప్రేమయు నెగ్గదు. ఈ నిర్మొగమాటము ఇట్టి కథలలో అరుదైనది.

ఎఱుక విషయమున నవల ఇంకను సూక్ష్మమైనది. హేజెల్ మొదట ఆగస్టస్‌ను దగ్గఱకు రానీయదు. తాను ఎప్పుడో పేలి చుట్టునున్నవారిని గాయపఱచు బాంబు వంటి దానినని ఆమె భావన. ‘ప్రేమాభిషేకము’ నాయకుని తర్కమే ఇది. కాని అతడు అబద్ధ మాడెను. ఈమె నిజమును చెప్పి దూరము జరుగును. నిజము తెలిసిన ఆగస్టస్ ఆ గాయమును తానై కోరుకొనును. నిర్ణయించు హక్కు అతనికి దక్కినది. ఆ పైని కథ విపరీతమగును. ఆగస్టస్‌కు వ్యాధి తిరుగబెట్టినది. ఆమ్‌స్టర్‌డామ్ ప్రయాణము చెడకుండుటకై అతడు ఆ సంగతి దాచి, ప్రయాణము చివర చెప్పును. మరణము ఆమెది యనుకొనిన పాఠకునకు అది అతనిదని తెలియును. దాపఱికము ఇందును ఉన్నది. కాని అది జీవితాంతపు అబద్ధము గాదు, కొన్ని దినముల వాయిదా. తన నోటితోనే తాను చెప్పెను.

ఆ ప్రయాణము గూడ ఆలోచింపదగినది. హేజెల్‌కు ఇష్టమైన ఒక నవల వాక్యము మధ్యలో ఆగిపోయినది. నాయిక మరణించినదో, వ్రాయలేనంత అస్వస్థురా లైనదో తెలియదు. ఆమె మరణానంతరము తల్లి యేమైనదో రచయితను అడుగవలెనని హేజెల్ తపన. రోగులైన బాలబాలికలకు ఒక సంస్థ తీర్చు కోరిక నొకదానిని ఆమె ఎన్నడో వాడుకొనినది. ఆగస్టస్ తన కోరికను ఆమెకై వెచ్చించును. రురుడు సగము ఆయుస్సు నిచ్చెను. పంచుకొనుటకు ఆయుస్సే లేనివాడు తన కోరిక నిచ్చెను. తీరా పోయి చూడగా ఆ రచయిత కూతురును క్యాన్సరుకు పోగొట్టుకొని త్రాగుడుకు లోనైన కఠినుడు, సమాధానము చెప్పడు. హేజెల్ అడిగినది కల్పిత పాత్రల గుఱించి కాదని పాఠకునకు అప్పుడు తోచును. తాను పోయిన పిమ్మట తన తల్లి యేమగునో తెలిసికొనవలెనని ఆమె అసలు కోరిక. చిన్ననాడు ప్రాణాపాయస్థితిలో నున్నప్పుడు, ఇక తాను తల్లిని కానని తల్లి విలపించుట ఆమె విని యుండెను. ఆ మాట ఆమెను వదలలేదు.

ఆగస్టస్ అంత్యదశను రచయిత మెఱుగులు దిద్దక చూపెను. వీరోచిత మరణమును కలగనిన యువకుడు ఒక రాత్రి ఒంటరిగ సిగరెట్లు కొనబోయి, పొట్టకు అమర్చిన గొట్టము చెడి, తన వాంతిలో తాను పడి, అసహాయుడై ఏడ్చును. అప్పుడు హేజెల్ చేసిన దేమనగా పిలిచిన వెంటనే పోవుట, సాయమునకు ఫోను చేయుట, అతని ప్రక్కన కూర్చుండుట. ప్రేమయొక్క పరమార్థము గొప్ప మాటలలో గాక ఈ సేవలో నున్నదని నవల అనకయే అనును. మంచు లేని ఈ ఘట్టము ‘గీతాంజలి’లో లేదు, ఉన్నచో ఆ చిత్రము ఇంకను గొప్ప దయ్యెడిది.

రసదృష్టితో ఈ కృతుల నెచ్చట నిలుపవలెను? కరుణము నిరపేక్షభావముగలది, విప్రలంభము సాపేక్షభావముగలది యని భరతుడు భేదము చెప్పెను. తిరిగి కలయిక యుండునను ఆశ యున్నంతవఱకు విప్రలంభము. ఆశ నశించినచో కరుణము. ఈ కథలలో నాయికానాయకులు ఎడబాసినవారు గారు, ఎదురెదుట నున్నవారు. ఎడబాటు ముందున్నది, అది శాశ్వత మని ఇద్దఱికి తెలియును. కావున ఇది సంభోగశృంగారమే గాని దానిపై కరుణపు నీడ ముందుగనే పడినది. ఆ నీడలో శృంగారము నిలుచుటకు ఆధారము హాస్యము. శృంగారమునుండి హాస్యము పుట్టునని భరతుని మతము. గీతాంజలి దయ్యపు వేషములును, హేజెల్ వెటకారమును అలంకారప్రాయములు గావు. ఏడ్పునకు లొంగక శృంగారమును నిలుపు సాధనములు. వినోదచిత్ర పురస్కారమున వింత లేదనుటకు హేతు విదియే.

గ్రీన్ నవల పేరు షేక్స్‌పియరు ‘జూలియస్ సీజరు’ నాటకమున కాసియస్ పలికిన ఒక మాటకు ఎదురుమాట. దోషము గ్రహములది గాదు, మనదే యని కాసియస్ భావము. రోగమునకు లోనైన బాలుర విషయమున దోషము గ్రహములదే యని నవలాకారుని ప్రత్యుత్తరము. తెలుగువారికి ఈ వాదము వింత గాదు. నొసటి వ్రాతయని, పూర్వజన్మకర్మయని ప్రతి యింట వినబడు మాటయే. కాని ఆ మాటలో ఒక ముల్లు కలదు. గ్రహచార మనినచో బిడ్డ నిర్దోషి. కర్మ యనినచో బిడ్డయే దోషి. ఈ రెండు కృతులును కర్మవాదమును దరిజేరనీయలేదు. రోగము శిక్ష గాదని అవి నమ్మినవి. ఈ ఒక్క సుగుణమునకైనను అవి స్మరింపదగినవి.

నవలయందు దోషములు లేకపోలేదు. పదునాఱు, పదునేడేండ్లవారు ప్రతి క్షణమును తత్త్వవేత్తల వలె మాటాడుట కృత్రిమము. వెలిగింపని సిగరెట్టును నోట నుంచుకొని దానిని ఉపమానముగ వివరించు ఆగస్టస్ మొదట పాత్ర కంటె భంగిమగ కనిపించును. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ గృహమున ప్రేమికుల చుంబనము, చుట్టునున్నవారి కరతాళధ్వనులు ఔచిత్యమునకు సరిపడవు. ఆ గృహము మోయు మరణము వేఱు, ఈ మరణము వేఱు. అన్నిటికంటె పెద్ద మౌనము ధనము విషయము. చికిత్స వ్యయము రెండు కృతులలోను కథను నడిపించు శక్తి కాలేదు. పొలము తాకట్టు పెట్టి పట్టణపు ఆసుపత్రి వసారాలో రాత్రులు గడుపు తండ్రికి ఈ కథలలో చోటు లేదు.

మఱియొక ప్రమాదమును గూడ గుర్తింపవలెను. క్యాన్సరు వచ్చిన ప్రేమికుడు మరణింపకతప్పదను సంప్రదాయము కథలలో స్థిరపడినది. లోకస్థితి మారినది. ధనికదేశములలో క్యాన్సరు సోకిన బాలబాలికలలో నూటికి ఎనుబదిమందికి మించి నయమగుచున్నదనియు, పేద, మధ్యతరగతి దేశములు పెక్కింట నూటికి ముప్పదిమందికి గూడ నయము కాకున్నదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. 2030 నాటికి ప్రపంచమున నూటికి కనీసము అఱువదిమంది బ్రతుకవలెనని 2018లో అది ఒక ఉద్యమము నారంభించెను. ఈ రెండు అంకెల నడుమ నున్న దూరము గ్రహముల దోషము గాదు. ఆలస్యపు రోగనిర్ణయము, మందుల కొఱత, మధ్యలో మానివేసిన చికిత్స. ‘ఎట్లును పోవు ప్రాణమే’ అను నమ్మకమును కథలు పెంచినచో ఆ దూరము ఇంకను పెరుగును. గ్రీన్ తన తరువాతి రచనలలో ఈ బాధ్యతను గుర్తించినట్లు తోచును. 2025లో ఆయన క్షయవ్యాధిపై వెలువరించిన గ్రంథమున, క్షయను సుందరరోగముగ కీర్తించిన పాత సాహిత్యభ్రమను విప్పి చూపి, నేడు అది మందు దొరకనివారి రోగమని చాటెను.

ఈ నవల ఆధారముగ 2020 జులైలో వెలువడిన హిందీ చిత్రము ‘దిల్ బేచారా’ దేశీయీకరణమునకు ఒక పాఠము. కథ జంషెడ్‌పూరునకు మారినది. నాయకుడు రజనీకాంత్ అభిమాని. సంగీతము చెన్నైవాసి శ్రీ ఏ.ఆర్. రహమాన్‌ది. అసంపూర్ణ నవల స్థానమున అసంపూర్ణ గీతము వచ్చినది. గీతము మధ్యలో ఆగినచో శ్రోతకు రాగము కొఱవడును. నవల మధ్యలో ఆగినచో ఒక తల్లి గతి తెలియక మిగులును. మార్పు చిన్నదిగ కనిపించినను హేజెల్ ప్రశ్నలోని బరువు దానితో జారిపోయినది. నాయకపాత్రధారి సుశాంత్ సింగ్ రాజపుత్ విడుదలకు ముందే, జూన్ 14న మరణించుటచే ప్రేక్షకుల శోకము పాత్రను దాటి నటునిపైకి పోయినది. కృతిని కృతిగ చూచుట నాడు కష్టమైనది.

తులన సారాంశ మిది. ‘గీతాంజలి’ తెలుగు కథను త్యాగపు అబద్ధమునుండి విడిపించి, ఇద్దఱు రోగులను సమానులుగ నిలిపినది; మంచుతెర దాటి వ్యాధి శరీరమును చూడలేదు. గ్రీన్ నవల ఆ తెరను తొలగించి, రోగికి గొంతు నిచ్చినది. మాటల నేర్పున కొన్నిచోట్ల తానే ఒక తెర కట్టుకొన్నది. రెండును చెప్పిన సత్య మొక్కటే. మరణము తెలిసినవారు ప్రేమింపగలరు. తెలియనీయకుండుట ప్రేమకు రక్షణ గాదు. తెలుగు నవల ఈ త్రోవ నడువవలెనన్నచో ముందు ఇంటిలోని మౌనమును దాటవలెను. రోగియైన బిడ్డను ‘నీకు తెలియునా?’ అని గాక ‘నీవేమనుకొనుచున్నావు?’ అని అడుగగలిగిన తల్లిని సృష్టింపవలెను.

అట్టి తల్లి గ్రీన్ నవలలో కలదు. హేజెల్ తల్లి రహస్యముగ చదువుకొనుచుండును. ఇట్టి రోగుల కుటుంబములకు తోడ్పడు సంఘసేవకురాలు కావలెనని ఆమె సంకల్పము. కూతురు మరణమునకు తాను ఎదురుచూచుచున్న దని భావించునేమో యని భయపడి దాచినది. సంగతి తెలిసిన హేజెల్ నొచ్చుకొనలేదు. సంతోషముతో కన్నీరు పెట్టుకొన్నది. తన పిమ్మట తల్లి బ్రతుకునని ఆమెకు తెలిసినది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పండితుడైన రచయిత ఇయ్యలేని సమాధానము ఆమెకు తన యింటనే, తల్లి పాఠ్యపుస్తకములలో దొరకినది.